తన సభకు తానే పిలుపు

పరుల యింటి పెండ్లికి శుభలేఖ వ్రాసి యిచ్చుట సులభము. వధూవరుల వంశమును, గుణములను ఎంత కొనియాడినను వ్రాసినవారికి దోషము లేదు. తన యింటి శుభకార్యమునకు తానే పిలుపు వ్రాయ గూర్చుండినప్పుడు కలము తడబడును. ఎక్కువ చెప్పిన ఆత్మస్తుతి యగును. తక్కువ చెప్పిన పిలుపునందు ఆదరము కొఱవడును. ప్రకటనలు కూర్చుటయే జీవనోపాధిగా గలవారికి సైతము ఈ చిక్కు తప్పదు. వారికి మఱింత హెచ్చని కూడ చెప్పవచ్చును.

గ్రాఫిక్ డిజైను అను విద్య నేడు పట్టణములందు ఒక పెద్ద వృత్తిగా నున్నది. సబ్బుపెట్టె మీది అక్షరములు, పుస్తకపు అట్ట, బ్యాంకు గుర్తు, నాటకప్రదర్శనపు గోడప్రకటన మొదలగువానిని ఆ విద్య నెఱిగినవారు తమ స్టూడియోలలో కూర్చుండి రూపొందింతురు. అక్షరములను, బొమ్మలను, రంగులను, వాని నడుమ విడిచిన ఖాళీ స్థలమును పొందుపఱచి, చెప్పవలసిన మాటను కంటికి తెలియజేయుటయే ఆ విద్య. ఇట్టి స్టూడియోవారు అప్పుడప్పుడు తమ పనిని గుఱించి తామే ఉపన్యాసము లిచ్చుటయు కలదు. విద్యార్థులును, తోడి వృత్తివారును, ఆసక్తి గల పౌరులును వచ్చి విందురు. ఆ సభకు గోడప్రకటన కావలెను. దానిని మఱియొకరికి అప్పగించుట వారికి చిన్నతనముగా తోచును గనుక తామే చేసికొందురు.

ఇతరుల పని చేయునప్పుడు పని యిచ్చిన షాహుకారు ఎదుట కూర్చుండి, ఇది వలదు, అది మార్చుడు, నా దుకాణము పేరు పెద్దది చేయుడు అని చెప్పుచుండును. ఆ మాటలు చిత్రకారునికి విసుగు పుట్టించును. అయినను అవి చెఱువుకు గట్టు వంటివి. స్వంత సభకు ఆ షాహుకారు లేడు. వలదనువాడు లేని చోట కొందఱు తమ చమత్కారమంతయు ఒక్క కాగితము మీద క్రుమ్మరింతురు. పేరును దినమును వెదకికొనుటకు చూపరి శ్రమపడవలసి వచ్చును. మఱికొందఱు తోడివారేమందురో యను జంకుతో, తమ పని యెట్టిదో తెలియనీయక, బడి గంటల పట్టిక వలె వివరములను వరుసగా వ్రాసి ఊరకుందురు. ఈ రెంటికిని నడుమ త్రోవ యేది?

మన నాటకకర్తలు ఈ చిక్కును ఏనాడో ఎదుర్కొనిరి. సంస్కృత నాటకమునందు నాంది యైన పిమ్మట ప్రస్తావన యుండును. సూత్రధారుడు రంగమునకు వచ్చి, నేడు ప్రదర్శింపబడు నాటకమేదో, దానిని రచించిన కవి యెవరో తెలుపును. ఆ ప్రస్తావనను వ్రాయువాడు సాధారణముగ ఆ కవియే యనుకొనవలెను. కావున తన నాటకమునకు తానే ప్రకటన వ్రాసికొనినట్లగుచున్నది. మాళవికాగ్నిమిత్రమునందు కాళిదాసు ఈ పనిని ఎట్లు నెఱవేర్చెనో చూడుడు. భాసుడు, సౌమిల్లుడు, కవిపుత్రుడు మున్నగు ప్రసిద్ధులుండగా ఈ క్రొత్తకవి నాటకమేల యని పారిపార్శ్వికునిచేత అడిగించెను. ప్రేక్షకుని మనస్సున మెదలు శంకను దాచక రంగము మీదికి తెచ్చి, సూత్రధారునిచేత సమాధానము చెప్పించెను. ఎన్ని బిరుదములు తగిలించుకొనినను ఇంత నమ్మకము పుట్టియుండదు.

శాకుంతలమునందలి ప్రస్తావన యింకను విచిత్రమైనది. సూత్రధారుడు నాటకము పేరు, కవి పేరు చెప్పిన తరువాత, అప్పుడే ప్రవేశించిన గ్రీష్మమును గుఱించి పాడుమని నటిని కోరును. పాట ముగియునప్పటికి సభయంతయు చిత్తరువు వలె నిశ్చలమై యుండును. అప్పుడు సూత్రధారుడు, ఈ సభను ఇక ఏ నాటకముతో సంతోషపెట్టుదమని నటినే అడుగును! కొంచెము ముందు తానే చెప్పిన పేరును పాట మాధుర్యమున మఱచిపోయినాడు. నటి జ్ఞాపకము చేయవలసివచ్చెను.

ప్రకటన మిక్కిలి అందమైన యెడల కలుగు అపాయమిదియే. జనులు పాటను తలచుకొందురు, నాటకమును మఱతురు. అయితే కాళిదాసుడు ఆ మఱపును వృథగా పోనీయలేదు. సూత్రధారుడు తన మఱపును, లేడి వెంట దూరము పోయిన దుష్యంతునితో పోల్చుకొనును. వెంటనే దుష్యంతుడు రథము మీద ప్రవేశించును. పైగా మఱపే ఆ నాటకమునకు ప్రాణము. కావున ఆ పాట కేవలము అలంకారము కాదు, రాబోవు కథ యొక్క రుచి. తన సభకు తానే వ్రాసికొను ప్రకటనకు ఇంతకంటె మంచి కొలత నాకు కనబడలేదు. పిలుపునందే పని రుచి చూపవలెను. రుచి చూచినవాడు దారి తప్పకుండ వచ్చి చేరునట్లు చేయవలెను. ఈ కొలతతో పాశ్చాత్య దేశములందు చిత్రకారులు తమకు తాము చేసికొనిన కొన్ని ప్రకటనలను పరిశీలింతము. వానిలో మొదటి రెండు ప్రదర్శనములకు సంబంధించినవి; తక్కినవి ఉపన్యాసములవి.

1897వ సంవత్సరమున వియన్నా నగరమునందు కొందఱు చిత్రకారులు అచ్చటి పాత కళాకారుల సంఘమును విడనాడి, సెసెషన్ అను క్రొత్త సంఘమును స్థాపించిరి. గుస్టావ్ క్లిమ్ట్ అను చిత్రకారుడు దానికి మొదటి అధ్యక్షుడు. 1898లో జరిగిన వారి తొలి ప్రదర్శనమునకు ఆయనయే గోడప్రకటనను చిత్రించెను. దాని పైభాగమున గ్రీకు పురాణములలోని థీసియస్ అను యువవీరుడు, ఎద్దు తల గల మినోటార్ అను రాక్షసుని వధించుచుండును. ప్రక్కను అథీనా దేవి డాలు పట్టి చూచుచుండును. నడుమ విశాలమైన ఖాళీ స్థలము. అడుగున సంఘము పేరును, ప్రదర్శన వివరములును.

ఆ రోజులలో గోడప్రకటన యనగా అంగుళము ఖాళీ లేకుండ నింపుట సామాన్యముగా నుండెను. వీధిలో నడచువాడు ఆ ఖాళీని చూచియే ఆగును. కొత్తవారు పాత పద్ధతిని ఎదిరించుచున్నారని బొమ్మ చెప్పుచున్నది. వారి పద్ధతి యెట్టిదో ఖాళీ స్థలము చూపుచున్నది. కాని థీసియస్ దిగంబరుడుగా నుండుట అధికారుల కంట బడెను. వారు అభ్యంతరము చెప్పగా, క్లిమ్ట్ చెట్ల మ్రానులను వీరునికి అడ్డముగా చేర్చి మరల అచ్చు వేయించవలసివచ్చెను. ఆ రెండు ప్రతులును నేటికిని నిలిచియున్నవి. షాహుకారు వలదనకపోయినను ప్రభుత్వము వలదనవచ్చునని ఈ కథ వలన తెలియుచున్నది.

ఇక జర్మనీ దేశమునందలి వైమార్ నగరమునకు పోవుదము. 1919లో వాల్టర్ గ్రోపియస్ అను వాస్తుశిల్పి అచ్చట బౌహౌస్ అను కళాపాఠశాలను నెలకొల్పెను. నాలుగేండ్ల పిదప, ఇంతవఱకు ఏమి చేసితిరో ప్రజలకు చూపుడని ప్రభుత్వము కోరినందున 1923లో ఆ పాఠశాల ఒక పెద్ద ప్రదర్శనము ఏర్పఱచెను. అందులో భాగముగా ఒక నమూనా యిల్లును కూడ కట్టిరి. ఆ యింటి వంటగదిని రూపొందించినవారిలో బెనిటా ఓటే అను విద్యార్థిని యొకతె. కిటికీ క్రింద ఒకే యెత్తున సాగిపోవు పనిబల్ల, గోడ నంటిన బీరువాలు గల ఆ వంటగది తరువాతి తరముల వంటగదులకు మాతృక వంటిది.

ఆ ప్రదర్శనమునకు గోడప్రకటన చేసినవాడు యోస్ట్ ష్మిట్ అను విద్యార్థి. ఎఱుపు, నలుపు రంగులలో వాలుగా నిలిచిన వృత్తములును, పట్టెలును. వాని నడుమ పాఠశాల ముద్రయైన మానవ ముఖము. చెట్టు లేదు, దేవత లేదు. పాఠశాలలో ఏమి నేర్పుచుండిరో అదియే ప్రకటనయం దున్నది. అయితే ఒక చిన్న చిక్కు. ప్రకటనలో జూలై నుండి సెప్టెంబరు వఱకని వ్రాసియుండగా, ప్రదర్శనము తెఱవబడినది ఆగస్టు 15వ తేదీని! పని సిద్ధము కాకముందే తేదీని అచ్చువేయించుట వలన వచ్చు తిప్పలు మన ఉత్సవసంఘముల వారికి చక్కగా తెలియును. ప్రారంభదినములలో గ్రోపియస్, కళకును యంత్రవిద్యకును క్రొత్తగా ఐక్యము కుదుర్పవలెనని ఉపన్యసించెను.

ఆ ప్రదర్శనమును చూడవచ్చినవారిలో లైప్జిగ్ నగరమునుండి వచ్చిన యువకుడొకడు కలడు. అతని పేరు యాన్ చిహోల్డ్. వయస్సు ఇరువది యొకటి. తండ్రి అంగళ్లకు పేరుపలకలు వ్రాయువాడు. కుమారుడు చిన్ననాటినుండియు అక్షరములు వ్రాయుట నేర్చి, కళాశాలలో ఆ విద్యనే బోధించుచుండెను. అంతవఱకు పాత వ్రాతప్రతుల సొంపునకు లోబడియున్న అతని మనస్సు వైమార్ యాత్రతో మారిపోయెను. 1925 అక్టోబరులో ముద్రాపకుల పత్రిక యొకటి, క్రొత్త అక్షరకూర్పును గుఱించి అతడు కూర్చిన ప్రత్యేక సంచికను ప్రచురించెను. మరుసటి యేట పౌల్ రెన్నర్ అను పెద్ద అతనిని మ్యూనిక్ నగరపు ముద్రణ పాఠశాలకు ఉపాధ్యాయునిగా పిలిపించెను.

ఈ చిహోల్డ్ 1927లో తన ఉపన్యాసమునకు తానే కూర్చుకొనిన ప్రకటన మనకు ముఖ్యమైనది. దానియందున్న సంగతులివి. ఉపన్యాసకుని పేరు యాన్ చిహోల్డ్. విషయము క్రొత్త అక్షరకూర్పు. దీపచిత్రములతో ఉపన్యాసము, అనగా మన పెద్దలు మ్యాజిక్ లాంతరు ఉపన్యాసమని పిలిచినది. దినము 1927 మే 11, బుధవారము, రాత్రి 8 గంటలు. స్థలము ముద్రణ పాఠశాల సభామందిరము, వీధి పేరు, యింటి సంఖ్య. ఏ సంఖ్య గల ట్రాము బండ్లెక్కవలెనో, ఏ మజిలీలో దిగవలెనో కూడ అందు కలదు. ప్రవేశము ఉచితము. సభను జరుపువారు జర్మను ముద్రాపకుల విద్యాసంఘము, మ్యూనిక్ శాఖ.

అంతే. ప్రఖ్యాత యనియు, సుప్రసిద్ధ యనియు తన పేరునకు ముందు ఏ బిరుదమును చేర్చుకొనలేదు. రండు, తరలి రండు అను కేకలును లేవు. ఆ రాత్రి సభలో అతడు చెప్పబోవునది యేమి? అక్షరకూర్పు అలంకారము కొఱకు కాదు, చదువరి కొఱకు. ముఖ్యమైన మాట ముందుగా కంటబడవలెను. అంతకంటె తక్కువైనది ఆ తరువాత. అన్నింటిని నడుమకు చేర్చి పూలతోరణము వలె కట్టనక్కఱలేదు. ఏ మాట యెంత ముఖ్యమో అంతటి స్థలమిచ్చి, తక్కిన స్థలమును ఖాళీగా విడువవలెను. ఇదియే అతని సిద్ధాంతము. ప్రకటన చూచినవాడు సభకు రాకముందే ఆ సిద్ధాంతమును తన కన్నులతో చదివినవాడగుచున్నాడు. ట్రాము సంఖ్య యెచ్చట నున్నదో వెదకకుండ దొరకిన యెడల ఉపన్యాసములో సగము ఋజువైనట్లే.

ట్రాము సంఖ్య వ్రాయుట అల్పమైన విషయమని తోచవచ్చును. నాకది అతిథిమర్యాదగా కనబడుచున్నది. వినవచ్చువారు అచ్చుకూటములలో పగలంతయు నిలుచుండి అక్షరములు పేర్చు పనివారు. పని ముగించుకొని, రాత్రి భోజనవేళకు దూరపు పేటలనుండి బయలుదేఱవలెను. వారి అలసటను తలచినవాడు మాత్రమే, దిగవలసిన మజిలీని ప్రకటనలో చేర్చును. పేరంటమునకు పిలువవచ్చిన ముత్తైదువ బొట్టు పెట్టి, ఎవరి యిల్లో, ఏ వేళకో, ఏ సందు మలుపు తిరుగవలెనో చెప్పి మఱి పోవును గదా!

ఆ ఉపన్యాసముల సారమును చిహోల్డ్ 1928లో గ్రంథముగా వెలువరించెను. సభ జరిపిన విద్యాసంఘమే దానిని ప్రచురించెను. కాని జర్మనీలో కాలము మారుచుండెను. 1933లో నాజీలు అధికారమునకు వచ్చిన కొన్ని వారములకే అతనిని పట్టుకొనిరి. క్రొత్త పద్ధతి అక్షరములు వారి కంటికి విదేశపు విప్లవముగా కనబడెను. రెన్నరు పదవి పోయెను. చిహోల్డ్ కొన్ని వారములు నిర్బంధములో నుండి, విడుదలైన పిమ్మట భార్యతోను, పసివాడైన కుమారునితోను స్విట్జర్లండు చేరెను. ఒక ఉపన్యాస ప్రకటనలో అక్షరములను నడుమ నిలుపక ప్రక్కకు జరుపుట వలన ఇంత చేటు కలుగునని ఎవరు తలంతురు? తన పని యెట్టిదో గోడల మీద వెల్లడించినవానికి, కాలము మాఱినప్పుడు దాగుటకు చోటుండదు. వియన్నాలో చెట్టుమ్రానులతో సరిపెట్టిన అధికారము, ఇచ్చట మనిషినే దేశము వెడలగొట్టినది.

తరువాతి కథ కూడ వినదగినది. 1947 నుండి 1949 వఱకు చిహోల్డ్ ఇంగ్లండునందు పెంగ్విన్ పుస్తకముల కూర్పును సంస్కరించెను. అప్పటికతడు తన యౌవనమునాటి కఠిన నియమములను చాలవఱకు సడలించుకొనియుండెను. గ్రంథములకు పాత పద్ధతిలో నడుమ నిలుపు కూర్పే అనేక చోట్ల తగినదని చెప్పెను. అంతటితో ఆగక, తన పూర్వపు సిద్ధాంతములోని ఆజ్ఞాస్వరూపము, తన్ను వెడలగొట్టినవారి స్వభావమును పోలియున్నదని కూడ వ్రాసెను. తోటి చిత్రకారులు కొందఱు దానికి కోపించిరి. పద్ధతి మారినను ఒకటి మాత్రము మారలేదు. చదువువానికి శ్రమ కలుగరాదను పట్టుదల 1927లోని ట్రాము సంఖ్యలోను కలదు, పెంగ్విన్ పుటలలోను కలదు.

ఇప్పుడు మన కాలమునకు దగ్గఱగా నున్న ప్రకటన యొకటి. స్టెఫాన్ సాగ్‌మైస్టర్ ఆస్ట్రియా దేశీయుడు. 1993లో న్యూయార్కు నగరమున తన స్టూడియోను స్థాపించెను. 1999లో అమెరికాలోని డెట్రాయిటు ప్రాంతపు చిత్రణవృత్తివారి సంఘము అతనిని ఉపన్యసింప పిలిచెను. ఆ సభ ప్రకటనకు అతడు కాగితము మీద అక్షరములు కూర్చలేదు. తన స్టూడియోలో శిక్షణ పొందుచున్న యువకునిచేత సన్నని కత్తితో తన ఒడలి మీదనే సభ వివరములను గీయించుకొని, ఎఱ్ఱగా తేలిన ఆ గీతలతో ఛాయాచిత్రము తీయించుకొనెను. ఆ ఛాయాచిత్రమే ప్రకటన. తమ పని వెనుక నుండు బాధను కంటికి చూపదలచితినని అతని వివరణము.

సోదరీమణులలో చాలమందికి ఇది వినుటకే జుగుప్స గలిగించును. నాకును కలిగినది. కాని కోపముతో త్రోసివేయుటకు ముందు మన కొలతతో చూడవలెను. పని రుచి యందు కలదా? కలదు. పిలుపులోని ప్రతి అక్షరమునకును చేసినవాడు వెల చెల్లించినాడు. అందమైన తెరచాటున వృత్తి యొక్క కష్టమును దాచలేదు. ఆత్మస్తుతి లేదు, తన దేహమును చూపినను గర్వము కంటె నొప్పియే కనబడుచున్నది. దారి చూపినదా? ఇచ్చటనే నాకు సంశయము. ప్రపంచమునందు ఈ విద్య నేర్చువారిలో ఆ చిత్రము నెఱుగనివారు అరుదు. ఆ రాత్రి అతడేమి చెప్పెనో తెలిసినవారు ఎందఱు? నటి పాటకు సభ చిత్తరువైనది. నాటకము పేరు మఱపునకు వచ్చినది. దుష్యంతుని రథము మాత్రము రాలేదు.

ఇంకొక మాట కూడ కలదు. ఆ కత్తి పట్టినవాడు శిష్యుడు. పెద్ద కోరినప్పుడు చిన్నవాడు కాదనుట కష్టము. ఒకరి ధైర్యము మఱియొకరి చేతికి భారమగునప్పుడు దానిని అనుకరింపవలెనని విద్యార్థులకు చెప్పరాదని నా యభిప్రాయము. నొప్పి లేనిదే నిజాయితీ లేదను భ్రమ కళాశాలలలో వ్యాపించినచో, ట్రాము సంఖ్యను శ్రద్ధతో వ్రాయువానిని ఎవ్వరును గౌరవింపరు.

ఇవి విదేశపు పెద్దల సంగతులు. మనకేల యని అడుగవలదు. నేడు మన యూళ్లలో మహిళామండలులును, గ్రంథాలయములును, పాఠశాలలును, చిన్న స్టూడియోలును తమ సభలకు తామే ప్రకటనలు చేసికొనుచున్నవి. కుట్టుపని నేర్పునామెయు, సంగీతము చెప్పునామెయు, వైద్యురాలును తమ విద్యను గుఱించి తామే మాటలాడవలసిన దినములివి. ఆడుదానికి తన్ను గుఱించి తాను చెప్పుకొనుట మఱింత కష్టము. చిన్ననాటినుండియు వలదని నేర్పబడిన పని యది. అందుచే పేరును మూలకు నెట్టి, అధ్యక్షుల పేర్లను, అతిథుల ఛాయాచిత్రములను ముందు నింపి, ఉపన్యాసకురాలిని వెదకికొనవలసిన స్థితికి తెచ్చిన ప్రకటనలు తఱచుగా కనబడుచున్నవి. చిహోల్డ్ తన పేరును దాచలేదు, పొగడలేదు. మాటలాడువారెవరో తెలియుట వినువారి హక్కు.

చేయు విధమును గుఱించి నాలుగు మాటలు చెప్పెదను. మొదట చెప్పవలసిన సంగతులను ఒక కాగితము మీద వ్రాసికొని, విశేషణము లన్నింటిని కొట్టివేయవలెను. అద్భుతము, అపూర్వము, మహత్తరము అను మాటలు పోయిన తరువాత మిగిలినదే ప్రకటన. పిమ్మట వానికి వరుస నిర్ణయింపవలెను. దూరమునుండి చూచువాడు చదువవలసిన మాట యొక్కటే యుండవలెను. అది విషయమో, మనిషి పేరో తేల్చుకొనవలెను. రెండడుగులు దగ్గఱకు వచ్చినవానికి దినము, వేళ, స్థలము. ముందు నిలుచున్నవానికి తక్కినవి. తేదీతో పాటు వారమును తప్పక చేర్చవలెను. తేదీ తప్పుగా పడినప్పుడు వారము దానిని పట్టియిచ్చును.

కాగితపు కొలతలను గుఱించి కూడ ఒక మాట. ఏ4, ఏ3, ఏ2 అని మన అచ్చుకూటములలో చెప్పు కొలతలు 1922లో జర్మనీలో స్థిరపడినవి. చిహోల్డ్ వానిని మిక్కిలి సమర్థించెను. ఏ2 కాగితము 420 మిల్లీమీటర్ల వెడల్పు, 594 మిల్లీమీటర్ల పొడవు. సగమునకు మడచిన ఏ3 అగును. ఆకారపు పోలిక చెడదు. అందుచే ఒకే కూర్పును గోడకు పెద్దదిగాను, కరపత్రమునకు చిన్నదిగాను వాడుకొనవచ్చును. రంగులు రెండు చాలును. ష్మిట్ ప్రకటనను నిలిపినవి ఎఱుపు, నలుపులే.

మన లిపికి ప్రత్యేకమైన జాగ్రత్తలు కలవు. ఇంగ్లీషునందు పెద్ద బడి, చిన్న బడి అని రెండు విధముల అక్షరములుండుటచే ముఖ్యమైన మాటను పెద్దబడిలో వ్రాయుదురు. తెలుగునకు ఆ భేదము లేదు. మనము పరిమాణముచేతను, లావుచేతను, రంగుచేతను మాత్రమే ముఖ్యామును సూచింపగలము. అందుచే అన్నింటిని లావుగా వేసిన యెడల ఏదియు ముఖ్యము కాకుండ పోవును. పైగా మన అక్షరములకు పైన గుడులును, క్రింద వత్తులును ఉండును. పంక్తులను ఇంగ్లీషు కొలతతో దగ్గఱగా పేర్చినచో పై పంక్తి వత్తు క్రింది పంక్తి గుడికి తగిలి రెండును చదువ రాకుండును. ధారాళముగా ఎడమిడుట మన లిపికి అలంకారము కాదు, అవసరము.

నేడు ప్రకటన గోడకెక్కుటకు ముందే ఫోను తెఱ మీద కనబడుచున్నది. అరచేతిలో ఇమిడినప్పుడు ఏమి కనబడునో ముందే చూచుకొనవలెను. సిద్ధమైన కూర్పును తమలపాకంత చేసి చూచినప్పుడు విషయమును, దినమును చదువగలిగితిరా, అది గోడ మీదను చదువబడును. వెనుక పూలు, వెలుగుచక్రములు, దేవతామూర్తులు నింపిన కూర్పు ఈ పరీక్షకు నిలువదు. అలంకారమే వలదని కాదు. వీణ నేర్పునామె ప్రకటనలో తంతులవంటి నాలుగు గీతలున్న అది రుచి. అదే ప్రకటనలో నెమలి, తామర, చంద్రుడు కూడ చేరిన అది పాటలో మునిగిన మఱపు.

చివరి పని ఒకటి మిగిలియున్నది. స్వంత సభకు షాహుకారు లేడని మొదట చెప్పితిని. కావున ఒకరిని ఏర్పఱచుకొనవలెను. సభను గుఱించి యేమియు తెలియనివారై యుండవలెను. మొగమాటము లేనివారై యుండవలెను. ప్రకటనను వారి యెదుట పట్టి, పది లెక్కపెట్టునంతసేపు చూపి, మడచివేసి అడుగవలెను: ఎవరు మాటలాడుదురు? దేనిని గుఱించి? ఎన్నడు? ఎచ్చటికి రావలెను? ఈ నాలుగింటికి సమాధానము వచ్చిన తరువాతనే అచ్చుకూటమునకు పంపవలెను. బొమ్మ బాగున్నదని మాత్రము చెప్పి, దినము చెప్పలేకపోయినచో ఆ బొమ్మను తగ్గించుకొనుటకు మనస్సు గట్టిచేసికొనవలెను. శాకుంతలమునందు సూత్రధారునికి ఆ సాయము చేసినది నటి. పాడినదియు ఆమెయే, నాటకము పేరు మఱవనిదియు ఆమెయే.